తల ఊపినవాళ్ళ లెక్క

నిన్న సాయంత్రం కట్టిన మూట ముందుగది మధ్యలో అలాగే ఉంది. దాని పక్కన కుర్చీ వేసుకుని అత్తగారూ అలాగే ఉంది. మూటని కదపడానికి ఎవరికీ ధైర్యం లేదు, అత్తగారిని కదపడానికి అసలే లేదు. మిగిలిన ముగ్గురూ పొద్దున్నుంచీ ఆ రెంటికీ ప్రదక్షిణం చేస్తూ తిరుగుతున్నారు.

"ఆ లెక్కల పిల్ల మళ్ళీ ఈ గడప తొక్కితే నేను గడప దాటతాను" అని నిన్న ఆవిడ అన్నమాట. అన్నమాట మీద నిలబడే మనిషి. జనాభా లెక్కలు రాసే ఆ పిల్ల ఇవాళ సాయంత్రం వస్తానంది. రాసిన లెక్క సరిచేసుకోవడానికి ఇవాళే ఆఖరి రోజు.

దుబాసమ్మ అద్దం ముందు నిలబడి జడ వేసుకుంటోంది. పెద్దాసుపత్రిలో ఆమెది దుబాసీ పని. రేవువాళ్ళు చెప్పింది డాక్టర్లకి మెట్టభాషలో చెప్పాలి, డాక్టర్లు చెప్పింది రేవువాళ్ళకి రేవుభాషలో చెప్పాలి. దుబాసమ్మ అన్నది రోగులు పెట్టిన పేరు. ఇప్పుడు సూపరింటెండెంటు కూడా అలాగే పిలుస్తున్నాడు. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

భర్త నీళ్ళ ఆఫీసులో ఓవర్సీరు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, మూట దగ్గర కాలు ఎత్తి దాటి, ఆమె వెనకాల నిలబడ్డాడు.

"రాసినంత మాత్రాన నువ్వు మారిపోతావా? మెట్ట అని రాసుకున్నారు. రాసుకోనీ. దానికింత రాద్ధాంతం ఎందుకు?"

"మారను కదా. మరి ఉన్నది ఉన్నట్టు రాయిస్తే మీకొచ్చిన నష్టం ఏమిటి?"

"నాకేం నష్టం? అమ్మకి ఇష్టం లేదు."

"నేను ఎవరినో చెప్పడానికి అత్తయ్య ఇష్టం కావాలా?"

ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. అత్తగారికి చెవులు బాగా పనిచేస్తాయని చెప్పడానికి ఆ కుర్చీ ఒక్కటి చాలు.

ఆ ఊరు మరీ పెద్దది కాదు, మరీ చిన్నదీ కాదు. రైలు ఆగుతుంది గానీ ఎక్కువసేపు ఆగదు. మెరక మీద మెట్టవాళ్ళు, ఏటి ఒడ్డున రేవువాళ్ళు, ఫ్యాక్టరీ వెనక, గనులు మూతపడ్డాక వచ్చి స్థిరపడిన గనివాళ్ళు, స్టేషను చుట్టూ నిన్నగాక మొన్న దిగిన నానారకాల జనం. ఎవరి వీధి వాళ్ళది, ఎవరి క్షవరం షాపు వాళ్ళది. మెట్టవాళ్ళ ముక్కు కోటేరు వేసినట్టుంటుందనీ, రేవువాళ్ళ జుట్టు ఉంగరాలు తిరిగి ఉంటుందనీ ఊరంతా నమ్మకం. అన్ని వార్డుల్లోనూ అన్ని రకాల ముక్కుల్నీ చూసిన దుబాసమ్మకి మాత్రం ఆ నమ్మకం ఎప్పుడో పోయింది. ఆ మాటకొస్తే ఓవర్సీరు జుట్టూ ఉంగరాలే. అది తాతగారి పోలిక అని అత్తగారు ఎవరూ అడక్కుండానే చెబుతూ ఉంటుంది.

ఈ ఏడు కార్పొరేషనువాళ్ళు ఎవరెంతమందో లెక్క తీశారు. తీసి ఊరుకోలేదు. ఏ జనమైనా ఊళ్ళో పదోవంతు ఉంటేనే వాళ్ళ భాషకి ఆసుపత్రిలో దుబాసీ ఉంటుందనీ, తగ్గితే ఆ ఉద్యోగం తీసేస్తామనీ కాగితం పంపారు. లెక్క తేలేసరికి రేవువాళ్ళు పదోవంతుకి కాస్త తగ్గారు. రేవులో పడవలు తగ్గలేదు, పిల్లలు తగ్గలేదు, ఆసుపత్రి వరండాలో జనం అసలే తగ్గలేదు. లెక్కలోనే తగ్గారు.

తగ్గిన తలల్లో తనదొకటనీ, తన కూతురిది ఇంకొకటనీ దుబాసమ్మకి తెలిసి మూడు రోజులయింది. లెక్కల పిల్ల మొదటిసారి వచ్చినప్పుడు తను డ్యూటీలో ఉంది. ఇంటికి పెద్ద ఎవరైతే వాళ్ళే అందరి తరఫునా జవాబు చెప్పాలి. అత్తగారు చెప్పింది. నాలుగు తలలూ మెట్ట.

పరాయివాళ్ళు చేస్తే పోరాడవచ్చు. ఇంట్లోవాళ్ళు చేస్తే వాళ్ళకే అన్నం వడ్డించాలి. ఆ కోపం మూడు రోజులుగా ఆమెని నిద్రపోనివ్వడం లేదు.

ఓవర్సీరు గొంతు తగ్గించాడు. "ఆదివారం సంఘం ఎన్నికలు. నన్ను కార్యదర్శిగా పెడతామంటున్నారు. ఇవాళ ప్రెసిడెంటుగారు ఇంటికి వస్తున్నారు. ఆ సమయానికి ఈ గొడవ ఉండకూడదు."

మెట్టవాళ్ళ సంఘంలో తల్లీ తండ్రీ ఇద్దరూ మెట్టవాళ్ళయిన వాళ్ళకే కార్యవర్గంలో చోటు. భార్య సంగతి నిబంధనల్లో లేదు, ఉంటే బావుండేదని కొందరు గొణుగుతున్నారట. ఆ గొణుగుడుకి ఓవర్సీరు దగ్గర ఒక తయారు జవాబుంది. "మా ఆవిడ రేవు. మా ఇంట్లో అలాంటి పట్టింపులు లేవు" అని ఎక్కడికెళ్ళినా ముందే చెప్పేస్తాడు. తను చేసిన ఘనకార్యం ఎదుటివాడు మెచ్చుకునేదాకా కాస్త ఆగుతాడు కూడా. పన్నెండేళ్ళ కాపురంలో అతను నేర్చుకున్న రేవుమాటలు రెండు. 'చాలు', 'వద్దు'.

పాప ఆ రెండూ కూడా నేర్చుకోలేదు. ఇంట్లో రెండు భాషలు వద్దు, పిల్ల తికమక పడుతుంది అని అత్తగారు పురిటి మంచం దగ్గరే తీర్పు చెప్పింది. ఊరందరి మాటా ఊరందరికీ చెప్పే మనిషి, తన కడుపున పుట్టిన పిల్లతో తన భాషలో ఒక్కమాట మాట్లాడదు. ఇది తలుచుకుంటే దుబాసమ్మకి ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది.

"వెళ్ళొస్తాను అత్తయ్యా" అంది, మూట పక్కనుంచి చెప్పులు తీసుకుంటూ.

అత్తగారు గోడకేసి చూస్తూ, "నేనూ వెళ్ళేదాన్నే" అంది.

ఆసుపత్రిలో అడుగుపెట్టేసరికి నర్సు ఎదురు పరిగెత్తుకొచ్చింది. ఆపరేషన్ గది బయట చక్రాల బల్ల మీద ఒక ముసలి పడవమనిషి పడుకుని ఉన్నాడు. కడుపుకి ఆపరేషన్. మత్తు డాక్టరు అన్నీ సిద్ధం చేసుకుని, చివరి మాటగా దుబాసీని పిలవమన్నాడట.

"అన్నీ అడిగేశాను. అన్నిటికీ అవునన్నాడు. ఎందుకైనా మంచిది, నువ్వొకసారి అడుగు" అన్నాడు డాక్టరు.

దుబాసమ్మ వెళ్ళి ముసలాయన భుజం పక్కన, ఒక అరడుగు వెనక్కి నిలబడింది. అది ఆమె పద్ధతి. డాక్టరుకీ రోగికీ మధ్యన నిలబడకూడదు, రోగి పక్కన నిలబడాలి. చెప్పింది చెప్పినట్టు చెప్పాలి, తన సొంతం ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట మింగకూడదు. విన్నది ఆ గది దాటి మోసుకుపోకూడదు.

పొద్దున్నుంచీ ఏమైనా తిన్నారా అని రేవుభాషలో అడిగింది.

ముసలాయన మొహం విప్పారింది. "తినకేం తల్లీ, కడుపునిండా తినే వచ్చాను. ఖాళీ కడుపుతో ఏట్లోకే దిగం, కత్తి కిందకి వెళ్తామా?"

ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్పింది. డాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. మత్తులో ఉండగా తిన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడని అందరికీ తెలుసు, ముసలాయనకి తప్ప. తినలేదుగా అని మెట్టభాషలో అడిగినప్పుడు ఆయన ఊపిన తల నర్సు కూడా చూసింది.

ఆపరేషన్ మర్నాటికి మార్చారు. డాక్టరు చేతి తొడుగులు తీసేస్తూ, రేపు కూడా ఉంటావు కదా అని అడిగాడు. రేపు ఉంటాను, వచ్చే నెల సంగతి లెక్కలవాళ్ళని అడగండి అంది ఆమె. ఆయన నవ్వాలో వద్దో తెలియక లోపలికి వెళ్ళిపోయాడు.

ముసలాయన్ని వార్డుకి తీసుకెళ్తుంటే ఆమెకి ఒక అనుమానం వచ్చింది. "తాతా, మొన్న లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు మీ ఇంటికి పెద్దగా నువ్వేనా మాట్లాడింది?"

"నేనే."

"ఏమని చెప్పావు?"

"చెప్పడానికి నాకు వాళ్ళ భాష వస్తేనా? ఒకాయన వచ్చి ఏదో అడిగాడు. మెట్ట అన్న మాట వినబడింది. తల ఊపాను."

"ఎందుకూపావు?"

ముసలాయన ఆమెని జాలిగా చూశాడు. "ఊపితే వెళ్ళిపోతారు తల్లీ. ఊపకపోతే ఇంకా అడుగుతారు."

దుబాసమ్మ ఆ వరండాలో, బల్ల అంచు పట్టుకుని ఆగిపోయింది. వారం రోజులుగా ఆమె రేవులో ఇల్లిల్లూ తిరిగింది. భయపడి చెప్పలేదనుకుంది, సిగ్గుపడి దాచారనుకుంది, కార్పొరేషనువాళ్ళు కావాలని ఎగ్గొట్టారనుకుంది. ఎంత తిట్టుకుంది, ఎవరెవరిని తిట్టుకుంది. తీరా చూస్తే సగం రేవు తల ఊపి లెక్కలోంచి జారిపోయింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఎవరినైనా పట్టుకుని కొట్టాలనిపించింది. కొట్టడానికి ముసలాయన తప్ప ఎవరూ దగ్గర లేరు.

ఇవాళ ఆఖరి రోజు, ఇంట్లో ఎవరినైనా పంపి లెక్క మార్పించమంది. ఆయన సరేనన్నాడు. ఈసారి తల ఊపలేదు, నోటితోనే అన్నాడు. అని, అంతటితో ఊరుకోక, "మీ ఇంట్లో ఎంతమందిని రాయించావు తల్లీ?" అని అడిగాడు.

ఆమె బల్లని గబగబా వార్డులోకి తోసింది.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చేసింది. ఓవర్సీరు ఆఫీసులో, పాప బడిలో. కుర్చీ ఖాళీగా ఉంది. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు. మూట మాత్రం నట్టింట్లో కొలువు తీరి ఉంది.

దాన్ని చూస్తే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. సాయంత్రం ఆ పిల్ల వచ్చేసరికి ఇది ఇక్కడ ఉండకూడదు. విప్పి, చీరలు పెట్టెలో సర్దేస్తే, ఆవిడ అరిస్తే అరుస్తుంది. కూర్చుని ముడి పట్టుకుంది. మెట్టవాళ్ళ మూటలు ఆమెకి తెలుసు. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. విప్పాలంటే వేళ్ళు చాలవు, పళ్ళు కావాలి. బయటికి ఉన్న కొస పట్టుకుని విసురుగా ఒక్క లాగు లాగింది.

ముడి మొత్తం విడిపోయింది.

నాలుగు చీరలు, ఒక శాలువా, మామగారి ఫొటో నేలమీద పరుచుకున్నాయి. దుబాసమ్మ చేతిలో గుడ్డ కొస అలాగే ఉంది.

అలాంటి ముడి ఆమె చివరిసారి చూసింది తండ్రి చేతిలో. సాయంత్రం పడవని ఒడ్డున గుంజకి కట్టేటప్పుడు వేసేవాడు. ఏరు ఎంత గుంజినా బిగుస్తుందే తప్ప జారదు. పొద్దున్నే కొస పట్టి లాగితే చాలు, క్షణంలో ఊడి వస్తుంది. దాన్ని రేవు ముడి అంటారు. పుస్తకాల్లో నేర్చుకునేది కాదు. చిన్నప్పుడు ఎవరో పక్కన కూర్చుని, చేతిమీద చెయ్యి వేసి నేర్పాలి.

స్నానాలగది తలుపు తెరుచుకుంది. అత్తగారు తడిజుట్టుతో గుమ్మంలో నిలబడింది. నేలమీది చీరల్ని చూసింది, కోడలి చేతిలోని కొసని చూసింది. అరవలేదు.

"ఈ ముడి ఎక్కడ నేర్చుకున్నారు అత్తయ్యా?"

"ముడిదేముంది, ఎవరైనా వేస్తారు."

"ఎవరైనా వెయ్యరు. పన్నెండేళ్ళుగా చూస్తున్నాను, నా ముందు మీరొక్క మూటా కట్టలేదు. లాండ్రీ బట్టలు కూడా మీ అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా అలాగే ఉంచేవారు. చేతులు నొప్పులనేవారు."

అత్తగారు వచ్చి కుర్చీలో కూర్చుంది. తడిసిన జుట్టు చెవుల పక్కన చిన్న చిన్న ఉంగరాలు తిరిగి ఉంది. రోజూ కొబ్బరినూనె పట్టించి, దువ్వెనతో అణిచి, బిగించి ముడి వేసుకునే జుట్టు అది. ఇన్నేళ్ళలో ఆ జుట్టుని తడిగా తనెప్పుడూ చూడలేదని దుబాసమ్మకి అప్పుడు తట్టింది.

"నిన్న కోపంలో కట్టాను" అంది అత్తగారు చివరికి. "కోపంలో చేతులు మాట వినలేదు."

"మామయ్యగారికి తెలుసా?"

"ఆయనే తీసుకొచ్చారు, ఆయనకి తెలియకేం? అవతలి ఊరి సంబంధమని ఇక్కడ చెప్పారు. వచ్చిన రోజున పక్కింటావిడ అడిగింది, మెట్టేనా అమ్మాయ్ అని. తల ఊపాను. నలభై ఏళ్ళ పైమాట. ఆ ఒక్క ఊపే, ఇప్పటికీ ఊపుతూనే ఉన్నాను. నా నోటితో మాత్రం మెట్ట అని ఎవరికీ చెప్పలేదు. మొన్న ఆ లెక్కల పిల్లకీ చెప్పలేదు. అందరూ మెట్టేనా అమ్మా అంది. ఊపాను. వెళ్ళిపోయింది."

దుబాసమ్మకి పొద్దుటి ముసలాయన గుర్తొచ్చాడు. జాలిపడాలని తెలుసు. జాలి వస్తోంది కూడా. కానీ దాని ముందు కోపం వచ్చి నిలబడింది.

"మీ సంగతి మీ ఇష్టం. నా కూతురేం చేసింది? దానికి నా భాష ఎందుకు రానివ్వలేదు? అది మీ భాష కూడా కదా?"

అత్తగారు తన చేతుల కేసి చూసుకుంది.

"రానిస్తే నువ్వు దానికి రేవుభాషలో కథలు చెబుతావు, పాటలు పాడతావు. మా అమ్మ పాడిన పాటలే పాడతావు. నవ్వాల్సిన చోట నవ్వకుండా, ఏడవాల్సిన చోట ఏడవకుండా, ఇదే గదిలో నేనెన్నాళ్ళు కూర్చోగలను? మొహం పట్టిచ్చేస్తుంది." ఆగి, "అందుకే వద్దన్నాను" అంది.

దుబాసమ్మ తిట్టడానికి పోగుచేసుకున్నవన్నీ నోట్లోనే ఉండిపోయాయి. కింద పడిన ఫొటో తీసి, పమిటచెంగుతో తుడిచి, బల్లమీద పెట్టింది.

"వాడికి చెబుతావా?"

"చెప్పను. విన్నది మోసుకుపోకూడదు. అది నా పనిలో మొదటి పాఠం." లేచి నిలబడింది. "కానీ ఒక్కమాట మీరూ వినండి. పెద్దవాళ్ళు మంచాన పడితే తరవాత నేర్చుకున్న భాష ముందు పోతుంది. చిన్నప్పటిదే మిగులుతుంది. వార్డులో రోజూ చూస్తున్నాను. నలభై ఏళ్ళు మెట్టభాషలో వ్యాపారం చేసినవాళ్ళు చివరికి రేవుభాషలో మంచినీళ్ళు అడుగుతారు. ఇవాళ లెక్క మారకపోతే అక్కడ నేనుండను. మీరు అడిగిన మంచినీళ్ళు మీ అబ్బాయికి ఎలా తెలుస్తాయి? ఆయనకొచ్చింది రెండు మాటలు. చాలు, వద్దు."

అత్తగారు నేలమీద కూర్చుని, చీరలు ఒక్కొక్కటే మడిచి, శాలువా మడిచి, ఫొటో అడిగి తీసుకుని, మూట మళ్ళీ కట్టింది. ఈసారి ముడి మీద ముడి వేసింది. దాని మీద ఇంకోటి వేసి, పళ్ళతో పట్టి మరీ బిగించింది. కోడలు చూస్తుండగానే బిగించింది.

దుబాసమ్మ దాన్ని జవాబనే అనుకుంది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఓవర్సీరు ప్రెసిడెంటుగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. పాపని పక్కవీధిలో ట్యూషన్‌లో దింపేసి వచ్చాడట, పెద్దల మాటల్లో పిల్లలెందుకని. ప్రెసిడెంటుగారు బొద్దుగా, తెల్లగా, తొందర లేని మనిషి. మూటని చూసి ఏమిటని అడిగారు. పాతబట్టలు, అనాథాశ్రమానికి అన్నాడు ఓవర్సీరు తడుముకోకుండా. అత్తగారి కుర్చీ కిర్రుమంది.

దుబాసమ్మ టీ తెచ్చింది. "మా ఆవిడ రేవు" అన్నాడు ఓవర్సీరు. "మా ఇంట్లో అలాంటి పట్టింపులు లేవు" అని, అలవాటుగా కాస్త ఆగాడు. ప్రెసిడెంటుగారు తల పంకించారు. పంకించి, అసలు విషయానికి వచ్చారు. ఊళ్ళో మెట్టవాళ్ళు సగం దాటడానికి ఇంక ఎంతో లేదట. దాటితే కార్పొరేషను మనమాట వింటుందట. ఈ సమయంలో రీచెక్ పేరు చెప్పి ఉన్న తలలు పోగొట్టుకోవడం తెలివైన పని కాదట. ఇదంతా టీ కప్పుకి చెబుతున్నట్టు చెప్పారు గానీ, ఎవరికి చెబుతున్నారో అందరికీ తెలుసు.

"మా ఇంట్లో నాలుగు తలలూ మెట్టేనండీ" అన్నాడు ఓవర్సీరు. "అమ్మ చెప్పేసింది. అమ్మ మాటంటే మాటే."

వీధిగేటు చప్పుడయింది.

లెక్కల పిల్ల చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి, ఇంతమందిని చూసి జంకింది. పొద్దున్నుంచీ తిరిగితిరిగి మొహం వాడిపోయి ఉంది. దుబాసమ్మ మంచినీళ్ళిస్తే గడగడా తాగింది. గడప తొక్కింది. అత్తగారు లేవలేదు, మూట అందుకోలేదు.

ఓవర్సీరు నిట్టూర్చాడు, గండం గడిచినట్టు.

"ఇంటికి పెద్ద మీరే కదమ్మా" అంది పిల్ల, అత్తగారి ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని. "లెక్క మార్చమని మీ కోడలుగారు అడిగారు. కానీ చెప్పాల్సింది మీరే. మీరు చెప్పిందే రాసుకుంటాను. పాతదే ఉంచమంటారా? అందరూ మెట్టేనా? మాట్లాడక్కర్లేదమ్మా, తల ఊపితే చాలు."

ప్రెసిడెంటుగారి కప్పు సాసరు మీద ఆగింది. దుబాసమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, అత్తగారి తలకేసి చూస్తోంది. ఆ తల ఇప్పుడు ఊగుతుంది. నలభై ఏళ్ళ అలవాటు. ఊగగానే పొద్దుటి ముసలాయనా, ఆయన పక్కమంచం వాళ్ళూ, వరండాలో కూర్చున్నవాళ్ళూ అందరూ ఒక్కసారిగా మూగవాళ్ళయిపోతారు.

తల ఊగలేదు.

అత్తగారు కొడుకుని చూసింది. మూటని చూసింది. తరవాత తల తిప్పి, గుమ్మంలో ఉన్న కోడలికేసి చూస్తూ మాట్లాడడం మొదలుపెట్టింది.

రేవుభాషలో మాట్లాడింది.

అది ఇప్పటి రేవుభాష కాదు. దుబాసమ్మ నాయనమ్మ మాట్లాడినట్టు, ఏటి అవతలి యాసతో, చాలాకాలం తెరవని తలుపులా మొదట కాస్త పట్టుకుని తరవాత ధారాళంగా వచ్చింది.

"నన్ను రేవని రాయమను. నా కోడల్ని రేవని రాయమను. నా కొడుకు సగం, నా మనవరాలు ముప్పాతిక. సగాలూ ముప్పాతికలూ ఎలా రాసుకుంటారో వాళ్ళ బాధ. చెప్పాక వాడు ఉండమంటే మూట విప్పు. లేకపోతే ఆటో పిలువు. అందుకే గట్టిగా కట్టాను."

ఓవర్సీరు పెద్దగా నవ్వాడు.

"చూశారా ప్రెసిడెంటుగారూ, కోడలి దగ్గర భాష కూడా నేర్చేసుకుంది మా అమ్మ. నాకే తెలియదు. ఇదండీ మా ఇల్లు." సంతోషంగా ఉన్నాడు. నిజంగానే గర్వపడుతున్నాడు.

ప్రెసిడెంటుగారు నవ్వలేదు. అత్తగారి చెవుల పక్కన ఆరిన జుట్టుకేసి చూస్తున్నారు. ఇవాళ ఆవిడ నూనె రాయలేదు.

"నాకా భాష రాదండీ" అంది లెక్కల పిల్ల ఇబ్బందిగా. "ఏమన్నారో చెబుతారా?"

దుబాసమ్మ అత్తగారిని రేవుభాషలోనే అడిగింది. నోటినుంచి వచ్చాక వెనక్కి తీసుకోలేమనీ, ఈ మాట మీరే ఆయనకి మెట్టభాషలో చెప్పుకోవచ్చు కదా అనీ అడిగింది.

"నేను చెబితే వాడు నా మొహం చూస్తాడు" అంది అత్తగారు. "నువ్వు చెబితే నీ మొహం చూస్తాడు. ఆ కాస్త సాయం చెయ్యి తల్లీ."

పన్నెండేళ్ళలో ఆవిడ కోడల్ని తల్లీ అని పిలవడం అదే మొదలు. ఆ పిలుపు కోసం ఒకప్పుడు ఎంత ఎదురుచూసిందో దుబాసమ్మకి గుర్తుంది. ఇప్పుడు దక్కింది, ఇలాంటి బరువు నెత్తిన పెట్టి మరీ దక్కింది. నువ్వే మొయ్యి అని అందరూ తనకే ఎందుకు ఇస్తారో అని విసుగూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

"ఏమిటి, మీలో మీరే మాట్లాడుకుంటారు?" అన్నాడు ఓవర్సీరు, ఇంకా నవ్వుతూనే. "మాకూ చెప్పు. చెప్పింది చెప్పినట్టు చెప్పాలి సుమా, ఒక్క మాట మింగకూడదు. నీ పనే అది కదా."

దుబాసమ్మ గుమ్మం వదిలి వచ్చింది. మూటని దాటింది. అత్తగారి కుర్చీ పక్కన, భుజానికి అరడుగు వెనక్కి నిలబడింది. అత్తగారు చూపు దించుకుంది.

ఓవర్సీరు మొహంలో నవ్వు ఇంకా అలాగే ఉంది. ఆ నవ్వుకేసి చూస్తూ ఆమె నోరు తెరిచింది.